"ఇంకో రెండేళ్లు" అనే మాటకు ఈ ఏడాది ఒక తారీఖు పెడదాం

_(కొత్త సంవత్సరం తొలి శుక్రవారం అల్ ఖౌద్‌లో జరిగిన మన సమావేశంలో ఒక సీనియర్ సభ్యుడు మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ల కోసం బులెటిన్‌లో పెడుతున్నాం. పొడుగ్గా ఉందని వదిలేయకండి, రెండు సార్లుగా చదవండి. రూమ్‌లో చదవడం రానివాళ్లు ఉంటే చదివి వినిపించండి.)_



నిన్న పొద్దున లేచేసరికి నా ఫోన్‌లో అరవై డెబ్బై మెసేజ్‌లు ఉన్నయి. అన్నీ హ్యాపీ న్యూ ఇయర్ బొమ్మలే. సంతోషం. కానీ నిన్న మనలో సగం మంది సైట్ మీదే ఉన్నాం. ఈ దేశంలో జనవరి ఒకటి మనకు మామూలు డ్యూటీ రోజే. రేపు మార్చి 19న ఉగాది వస్తది, ఆ రోజూ చాలా మందికి డ్యూటీనే. కొత్త సంవత్సరం అని మనకు చెప్పడానికి సెలవు లేదు, పచ్చడి లేదు. క్యాలెండర్ ఒక్కటే మారుతది. అందుకే ఏళ్లు ఎట్ల పోయాయో మనకు తెలియదు.

నేను పదో తరగతి ఫెయిల్. పెద్ద మాటలు చెప్పడానికి రాలేదు. నా లెక్క నేను చెప్తా. అందులో మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

*నా పదేళ్ల లెక్క*

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2009లో ఒమన్ వచ్చిన. వీసాకు, టికెట్‌కు కలిపి లక్షా ఇరవై వేలు అప్పు చేసిన. నూటికి రెండు రూపాయలు. మా దిక్కు మిత్తి అంటాం, కడప, గోదావరి అన్నలు వడ్డీ అంటారు. పేరు ఏదైనా నెలకు 2,400. ఏజెంటు చెప్పిన జీతం 120 రియాల్లు. ఇక్కడికొచ్చి చేతిలో పడింది 80. అప్పుడు రియాల్‌కు 125 రూపాయల దాకా వచ్చేది. తిండికి, ఫోన్‌కు 20 పోతే 60 రియాల్లు, అంటే ఇంటికి 7,500. అందులో మిత్తి 2,400 తీసేస్తే ఇంట్లో మిగిలేది 5,100.

నాలుగేళ్లు నేను మిత్తి మాత్రమే కట్టిన. ఒకసారి లెక్క వేయండి. నాలుగేళ్లకు 1,15,200 రూపాయలు. దాదాపు తెచ్చిన అప్పంత కట్టిన, అప్పు మాత్రం అట్లనే నిలబడి ఉంది.

వచ్చేటప్పుడు మా అమ్మకు చెప్పిన, "రెండేళ్లు చేసి వస్తా" అని. వీసా రెండేళ్లది కదా, అందుకని. రెన్యువల్ అయినప్పుడల్లా అదే మాట. "ఇంకో రెండేళ్లు." 2011లో అన్న, 2013లో అన్న, 2015లో అన్న, 2017లో అన్న. 2019లో ఒక శుక్రవారం మా బిడ్డ వీడియో కాల్‌లో అడిగింది, "బాపూ, ఎప్పుడొస్తవ్?" అని. నాకు నోటికి అలవాటైపోయింది, "ఇంకో రెండేళ్లకు బిడ్డా" అన్న. అది నవ్వలేదు, ఏడ్వలేదు. "నేను రెండో తరగతిల ఉన్నప్పుడు గూడ గట్లనే అన్నవ్" అని ఫోన్ వాళ్ల అమ్మకు ఇచ్చి వెళ్లిపోయింది. అప్పుడది ఆరో తరగతి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా రూమ్‌లో రాజమండ్రి వైపు పెద్దాయన ఒకాయన ఉండేవారు, తాపీ మేస్త్రీ. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. నేను ఎప్పుడూ ఉత్తరాలు రాసుకుంటాడేమో అనుకునేవాణ్ని. ఆ రాత్రి అడిగితే చూపించారు. మొదటి పేజీలో మూడే లైన్లు. అప్పు ఎప్పటికి తీరాలి, ఇంటి స్లాబు ఎప్పుడు పడాలి, తాను ఏ నెలలో ఇంటికి పోవాలి. మూడింటికీ తారీఖులు ఉన్నాయి. మిగతా పేజీల్లో నెల నెలా లెక్క. ఆయన అన్నారు, "నాకూ మొదటి ఆరేళ్లు ఈ పుస్తకం లేదురా అబ్బాయ్" అని. ఆయన రాసుకున్న నెలకు పోలేదు, మూడు నెలలు ఆలస్యంగా పోయారు. కానీ పోయారు.

*మొదటి పని: ఇంట్లో నిజం చెప్పడం*

నేనూ మర్నాడు నోటుబుక్కు కొనుక్కున్న. మొదటి పేజీ రాద్దామని కూర్చుంటే ఒక చిక్కు వచ్చింది. నేను నా భార్యకు పదేళ్లుగా జీతం ఎక్కువ చెప్తున్న. మొదట వచ్చింది 80 అయితే ఊళ్లో ఏజెంటు మాట పోవద్దని, నా పరువు పోవద్దని 120 అని చెప్పిన. తర్వాత ఎప్పుడు పెరిగినా దాని మీద కొంత కలిపి చెప్పడమే. ఇంటి దగ్గర వాళ్లు ఆ 120 చూసుకొని ఖర్చు పెట్టారు. తప్పు వాళ్లది కాదు.

ఫోన్ చేసి చెప్పేసిన. రెండు రోజులు ఆమె సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు తానే ఫోన్ చేసింది. నేను పంపే పైసలు మిత్తికి సరిపోక, నాకు చెబితే రంది పడతానని, మహిళా సంఘంలో 70 వేలు తెచ్చి నడిపిస్తోంది. నేను దాచింది నేను దాచిన, ఆమె దాచింది ఆమె దాచింది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం అబద్ధం ఆడుకుంటూ ఇద్దరం మునుగుతున్నాం. అప్పు 1,80,000 అనుకున్నది లెక్క తేలేసరికి 2,50,000 అయింది.

కానీ ఆ రోజే మొదటిసారి లెక్క ఇద్దరికీ ఒకటే అయింది. దారి కూడా ఆమె చెప్పింది. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం మీద తెస్తే దాదాపు సగమే పడుతది. తన పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం బ్యాంకులో పెట్టి షావుకారు అప్పు ముందు తెంపేసింది. తర్వాత నెలకు ఇంత అని కట్టుకుంటూ వచ్చాం. మధ్యలో 2020 కరోనాలో నాకు నాలుగు నెలలు జీతం లేదు. అయినా 2023 మార్చిలో అప్పు సున్నా అయింది. పదేళ్లలో కానిది నాలుగేళ్లలో అయింది. జీతం పెద్దగా పెరగలేదు. లెక్క రాయడం మొదలుపెట్టినం, అంతే తేడా.

కాబట్టి ఈ ఏడాది ప్లాన్ ఏదైనా సరే, ముందు ఇంటికి ఫోన్ చేసి అసలు జీతం ఎంతో చెప్పండి. అటు నుంచి అసలు అప్పు ఎంతో అడగండి. కోపం వస్తే రెండు రోజులు ఉంటది. దాచిపెట్టినది పదేళ్లు తింటది.

*పేజీ ఒకటి: ఐదు అంకెలు*

నోటుబుక్కు పెద్దది అక్కర్లేదు. సూక్‌లో రెండు మూడు వందల బైసాలకు దొరుకుతది. ఫోన్‌లో రాసుకుంటాం అంటే రాసుకోండి, కానీ ఫోన్ పోతే లెక్క పోతది. నేను కాగితమే మంచిదంటా. మొదటి పేజీలో ఇవి రాయండి.

1. అప్పు ఎంత, ఎవరికి, మిత్తి ఎంత. ఒక్కొక్కటి విడివిడిగా.
2. బేసిక్ జీతం ఎంత, ఓటీతో చేతికి వచ్చేది ఎంత. రెండూ రాయండి, ఎందుకో తర్వాత చెప్తా.
3. ఇంటికి నెలకు నిజంగా ఎంత కావాలి. మీరు అనుకున్నది కాదు, ఇంటివాళ్లను అడిగి రాయాలి.
4. బతాకా ఎప్పుడు ముగుస్తది, పాస్‌పోర్ట్ ఎప్పుడు ముగుస్తది, కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తది.
5. ఇంటికి శాశ్వతంగా వెళ్లే నెల, సంవత్సరం.

ఐదోది రాయడానికి చెయ్యి ఆడదు. నాకూ ఆడలేదు. తప్పయినా సరే ఒకటి రాయండి. నేను మొదట 2025 డిసెంబర్ అని రాసుకున్న. కరోనా వల్ల, బిడ్డ చదువు వల్ల దాన్ని 2028 జూన్‌కు మార్చిన. కానీ కొట్టేసి పక్కన ఎందుకు మార్చానో రాసిన. ఇప్పుడు బిడ్డ అడిగితే "ఇంకో రెండేళ్లు" అని గాలిలో చెప్పడం లేదు. "నీ నర్సింగ్ రెండేళ్లు నడిచినంక, 2028 జూన్ల" అని చెప్తున్న. అది కూడా లెక్క పెట్టుకుంటుంది.

*మూడే లక్ష్యాలు*

మొన్న ఒక తమ్ముడు నాకు తన లిస్టు చూపించిండు. పద్నాలుగు ఉన్నయి. సిగరెట్ మానాలి, ఇల్లు కట్టాలి, ఇంగ్లీష్ నేర్చుకోవాలి, బండి కొనాలి, పొట్ట తగ్గాలి, ఇంకా ఏవేవో. రోజుకు పది గంటలు ఎండలో చేసే మనిషికి పద్నాలుగు కావు. ఫిబ్రవరిలోపు అన్నీ పోతయి, "నా వల్ల కాదు" అనే బాధ మిగులుతది. మూడు చాలు. పైసలది ఒకటి, ఒంటిది ఒకటి, పనితనానిది ఒకటి.

పైసల లక్ష్యం అంటే "బాగా పొదుపు చేయాలి" అని కాదు. "షావుకారు అప్పులో 60 వేలు డిసెంబర్ లోపు" అని. ఒంటి లక్ష్యం అంటే "ఆరోగ్యం చూసుకోవాలి" అని కాదు. "జనవరిలో, జులైలో బీపీ, షుగర్ చూపించుకుంటా" అని. పనితనం అంటే "ఎదగాలి" అని కాదు. "హెల్పర్ నుంచి షట్టరింగ్ కార్పెంటర్ పని నేర్చుకొని, ఫోర్‌మన్ దగ్గర ట్రేడ్ మార్చమని అడుగుతా" అని. ఏడాది చివర చూసుకుంటే అయిందో కాలేదో ఒక్క మాటలో చెప్పగలగాలి. అట్ల రాయండి.

*ఏడాది ఖర్చుల క్యాలెండర్*

రెండో పేజీలో పన్నెండు నెలలు రాసి, ఏ నెలలో ఏ ఖర్చు వస్తదో రాయండి. మన ఖర్చుల్లో చాలా వరకు ముందే తెలిసినవే. సంక్రాంతికి ఇంట్లో బట్టలు. ఫిబ్రవరి, మార్చిలో మన ముస్లిం సోదరులకు రంజాన్, పండుగ. ఎండాకాలంలో ఊళ్లో పెళ్లిళ్లు, కట్నాలు, చదివింపులు. జూన్‌లో పిల్లల ఫీజులు, అదే జూన్‌లో పొలం పెట్టుబడి. అక్టోబర్‌లో బతుకమ్మ, దసరా, తర్వాత దీపావళి. మధ్యలో ఎవరికైనా చుట్టీ ఉంటే టికెట్, సామాను.

జూన్ ప్రతి ఏడాదీ వస్తది. మనం మాత్రం ప్రతి జూన్‌లో ఇప్పుడే పిడుగు పడ్డట్టు చేబదులు కోసం రూమ్ రూమ్ తిరుగుతాం. ఫీజు 30 వేలు అనుకోండి. జనవరి నుంచి మే దాకా ఐదు నెలలు, నెలకు ఆరు వేలు పక్కన పెడితే జూన్‌లో మిత్తి లేదు, ఎవరి ముందూ చెయ్యి చాచేది లేదు. అదే 30 వేలు జూన్‌లో నూటికి మూడుకు తెస్తే ఏడాదికి 10,800 మిత్తి. ఆ పది వేలు ఎవరి కష్టం?

*జీతం పడిన రోజే*

మన ఖౌద్‌లో వాది మీద పెద్ద ఆనకట్ట ఉంది కదా. 1985లో కట్టారు. మామూలు రోజుల్లో చూస్తే నీళ్లు ఉండవు, ఎండిపోయిన మైదానంలా ఉంటది. ఎందుకు కట్టారో అని నేను చాలా రోజులు అనుకున్న. తర్వాత తెలిసింది. ఇక్కడ వాన ఏడాదికి కొన్ని రోజులే. వాది పొంగితే నీళ్లన్నీ కొన్ని గంటల్లో సముద్రంలోకి పోతయి. ఈ కట్ట ఆ నీళ్లను ఆపి, మెల్లగా వదిలి, భూమిలోకి ఇంకేటట్టు చేస్తది. ఆ నీళ్లే కింద బావుల్లోకి వస్తయి.

మన జీతం కూడా నెలకు ఒక్క రోజే వస్తది. ఆ రోజే ఆపకపోతే పది రోజుల్లో పోతది. కాబట్టి జీతం పడిన రోజే మూడు భాగాలు చేయండి. ఇంటికి ఒకటి, అప్పుకు ఒకటి, మీ పేరు మీద దాచుకునేది ఒకటి. మిగిలినదాంతో నెల నడపండి. నెల నడిపి మిగిలింది దాస్తాం అనుకుంటే ఎవరికీ మిగలదు.

మూడో భాగం ఐదు రియాల్లయినా సరే. పది రియాల్లు దాచగలిగితే ఏడాదికి 120. ఇప్పుడు రియాల్ 230 రూపాయల అటూ ఇటూ ఉంది, అంటే 27 వేలకు పైనే. ఆ పైసలు ఊళ్లో ఖాతాలో ఖర్చుల డబ్బుతో కలపకండి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచి అందులో రికరింగ్ డిపాజిట్ పెట్టుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీ మీద మన దేశంలో పన్ను లేదు. మనం విదేశంలో ఉన్నాం కాబట్టి ఊళ్లో ఉన్న పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలన్నది నిబంధన. చుట్టీకి పోయినప్పుడు బ్యాంకులో ఈ రెండు పనులు చేసుకొని రండి. నామినీ పేరు ఉందో లేదో కూడా అడగండి.

ఇంకో నాలుగు మాటలు. రూమ్ చిట్టీల్లో కాగితం లేకుండా పెద్ద మొత్తం పెట్టకండి. చిట్టీ ఎత్తుకున్న మనిషి ఎగ్జిట్ మీద పోతే ఎవరిని అడుగుతాం? రేటు బాగుందని అప్పు తీసి పంపకండి. ఫోన్‌లో లోన్ యాప్‌లు, క్రికెట్ బెట్టింగ్ యాప్‌లు మన క్యాంపుల్లోకి వచ్చినయి. ఒక్క రాత్రిలో మూడు నెలల జీతం పోగొట్టుకున్న తమ్ముణ్ని నేను చూసిన. అతను తర్వాత నెల రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఇక బ్యాంకు పేరుతో, పోలీసు పేరుతో ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చెప్పకండి.

*రోజు, వారం*

"అన్నా, నాలుగు గంటలకు లేచి, ఐదుకు బస్సెక్కి, రాత్రి ఏడుకు వచ్చి వండుకొని తినేవాడికి టైం టేబుల్ ఏంది?" అని అడుగుతారు. నిజమే. మనకు టీవీలో చెప్పే టైం టేబుల్ పనికిరాదు. కానీ తినడం అయినంక పన్నెండు దాకా రీల్స్ చూసే టైం ఉంది. అందులో పావుగంట అడుగుతున్న.

రాత్రి పడుకునే ముందు నోటుబుక్కులో ఒక్క లైన్. ఆ రోజు ఎన్ని గంటలు చేశారు, ఓటీ ఎన్ని గంటలు, ఎంత ఖర్చు అయింది. ఓటీ ఎందుకు రాయాలంటే, 2023లో వచ్చిన ఒమన్ కార్మిక చట్టం ప్రకారం పని రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు. ఆపైన చేసినదానికి పగలైతే కనీసం పావు వంతు, రాత్రయితే సగం ఎక్కువ కలిపి ఇవ్వాలి. నెలాఖరున తేడా వస్తే "ఎక్కువ చేసినట్టు గుర్తు" అంటే ఎవరూ వినరు. తారీఖు వారీగా రాసిన పుస్తకం చూపిస్తే వింటారు.

రోజుకు అరబ్బీ మాటలు మూడు. రాతిబ్ అంటే జీతం, ఇజాజా అంటే సెలవు, అఖ్ద్ అంటే కాంట్రాక్ట్. ఇట్ల మూడు మూడు. నాగాలు పోగా 300 రోజులు చేసినా 900 మాటలు వస్తయి. మాట వచ్చినవాడికి అర్బాబ్‌తో, ఆసుపత్రిలో, పోలీసు స్టేషన్‌లో ఇంకొకడి నోరు అవసరం ఉండదు.

పది, పదిన్నరకు ఫోన్ చార్జింగ్‌కు పెట్టి మంచానికి దూరంగా ఉంచండి. నిద్ర లేని మనిషి స్కాఫోల్డింగ్ మీద కాలు జారుతడు. ఇది మనకు కొత్తగా చెప్పాల్సింది కాదు.

వారానికి శుక్రవారం ఒక గంట. అరగంట లెక్క, అరగంట ఇంటితో ఫోన్. ఆ ఫోన్‌లో పైసల మాట ఒక్కటే కాదు. పిల్లలను స్కూల్లో ఏం చెప్పారో అడగండి. మా బిడ్డ వాళ్ల టీచర్ల పేర్లు ఇప్పుడు నాకు తెలుసు. ముందు తెలియవు.

ఇళ్లలో పనిచేసే అక్కాచెల్లెళ్లకు ఈ శుక్రవారం కూడా దొరకదని నాకు తెలుసు. వాళ్లకు నియమాలు కూడా వేరుగా ఉన్నయి. మీరు రాత్రి పడుకునే ముందు ఆ ఒక్క లైన్ రాయండి. నెల జీతం చేతికి ఇచ్చిన తారీఖు తప్పకుండా రాయండి. బతాకా, పాస్‌పోర్ట్, కాంట్రాక్ట్ ఫోటోలు ఊళ్లో నమ్మకమైన ఒకరికి పంపి ఉంచండి.

*ఒళ్లు*

ఈ ఊళ్లో మనం అమ్ముకునేది ఒళ్లే. నలభై దాటకుండానే రాత్రి పడుకొని పొద్దున లేవని మన వాళ్ల వార్తలు మీరూ వింటున్నారు. ఏడాదికి రెండు సార్లు బీపీ, షుగర్ చూపించుకోవడం ఒక పూట పని. ఒళ్లు నొప్పులకని రూమ్‌లో ఎవరో ఇచ్చిన నొప్పి గోలీలు రోజూ మింగకండి, కిడ్నీలు పాడవుతయి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో బయట పని చేయించకూడదు. అది మనమీద దయ కాదు, ఈ దేశపు నియమం. ఆ మూడు గంటలు నీడలో పడుకోండి, నీళ్లు తాగండి.

మందు సంగతి. నేను తాగలేదని చెప్పను. ఒంటరితనానికి తాగుతాం, తాగినంక ఇంకా ఒంటరి అవుతాం. నెలకు దాని ఖర్చు ఎంతో నోటుబుక్కులో రాయండి, చాలు. నాకు ఆ అంకె చూసినంకనే తగ్గింది. మనసు మరీ చీకటి అయిపోతే, బతకాలని లేదు అనిపిస్తే, రూమ్‌లో ఎవరినైనా లేపండి. అర్ధరాత్రయినా లేపండి. మన గ్రూపులో ఒక్క ముక్క పెట్టండి. సిగ్గు పడాల్సింది ఏం లేదు. ఈ గదిలో అట్లాంటి రాత్రి చూడనివాడు తక్కువ.

*కాగితాలు*

చివరి పేజీ కాగితాలది. తొందరగా చెప్తా.

పాస్‌పోర్ట్ మన దగ్గరే ఉండాలి. మనం రాసి ఒప్పుకుంటే తప్ప యజమాని పెట్టుకోకూడదు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఉంది. సర్వీస్ ముగిసినప్పుడు గ్రాట్యుటీ ఏడాదికి కనీసం ఒక నెల బేసిక్. అందుకే మొదటి పేజీలో బేసిక్ విడిగా రాయమన్న. బేసిక్ 90 ఉండి ఆరేళ్లు చేస్తే 540 రియాల్లు. ఓటీ దీంట్లోకి రాదు. పని వదిలి ఖల్లివల్లి అయితే ఇది చేతికి రావడం చాలా కష్టం. 2021 జనవరి 1 నుంచి, కాంట్రాక్ట్ పూర్తయినంక వేరే కంపెనీకి మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అవసరం లేదు. కాబట్టి మారాలనుకునే తమ్ముళ్లు పారిపోవడం కాదు, కాంట్రాక్ట్ ముగిసే తారీఖు చూసుకొని మారండి.

ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేకపోయినా 10 లక్షలు. వచ్చేటప్పుడు కట్టినది చాలా మందికి ఎప్పుడో ముగిసిపోయింది. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2024లో, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల సాయానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ద్వారా ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. ఈ మాటలు చెడుగా అనుకోకండి. ఇవి ఉన్నాయని ఇంటివాళ్లకు తెలియకపోతే ఉన్నా లేనట్టే. కాగితాలు ఎక్కడ ఉన్నాయో భార్యకో, అమ్మకో, తమ్ముడికో చెప్పి ఉంచండి.

*నెల తప్పితే*

ఒక నెల తప్పుతది. ఊళ్లో నాన్నకు బాగుండదు, జీతం ఆలస్యం అవుతది, ఏదో ఒకటి. అప్పుడు "ఈ ఏడాదికి అయిపోయింది, వచ్చే జనవరి చూద్దాం" అని నోటుబుక్కు పరుపు కింద పెట్టేస్తాం. నా మొదటి పుస్తకం అట్ల రెండు నెలలు పరుపు కిందనే ఉంది. తప్పిన నెల దగ్గర "తప్పింది" అని రాసి, పక్క నెల మొదలు పెట్టండి. మొత్తం సరిపోకపోతే లక్ష్యాన్ని తగ్గించండి. 60 వేలు కాకపోతే 40 వేలు. సున్నా మాత్రం వద్దు.

ఒక్కడి వల్ల కాదు అనిపిస్తే జోడీ కట్టండి. రూమ్‌లో నమ్మకం ఉన్న ఒకరు. నెలలో ఆఖరు శుక్రవారం చాయ్ తాగుతూ ఒకరి పేజీ ఒకరు చూడాలి. పైసల అంకెలు చూపించడం ఇష్టం లేకపోతే "అయింది, కాలేదు" అని చెప్తే చాలు. నేనూ కోరుట్ల తమ్ముడూ ఐదేళ్లుగా ఇట్లనే చేస్తున్నాం. అతను నన్ను మందు లెక్క అడుగుతడు, నేను అతన్ని క్రికెట్ యాప్ అడుగుత. ఇద్దరికీ కోపం వస్తది, ఇద్దరికీ మంచిదే అయింది.

ఈ రోజు రాత్రికి ఒక్క పని చేయండి. ఐదు అంకెలు రాయండి. తెలియని అంకె దగ్గర ఖాళీ వదిలేసి, ఇంటికి ఫోన్ చేసి అడగండి. వచ్చే శుక్రవారం వచ్చేటప్పుడు పుస్తకం చేత్తో పట్టుకొని రండి. లెక్క వేయడం రానివాళ్లకు మేం నలుగురం కూర్చొని వేసి పెడతాం.

మా బిడ్డకు ఈ మార్చిలో ఇంటర్ పరీక్షలు. మొన్న ఫోన్‌లో అన్నది, "బాపూ, ఇంకా ముప్పై నెలలే గద" అని. నేను పుస్తకం తీసి లెక్క పెట్టిన. జనవరి నుంచి 2028 జూన్ దాకా, నిజంగానే ముప్పై. అది తప్పు లెక్క పెట్టలేదు. ఇక నేను తప్పొద్దు.

అందరూ బాగుండాలి. సెలవు.

_(వచ్చే శుక్రవారం సాయంత్రం ఇదే చోట లెక్కల సమావేశం. నోటుబుక్కు, పెన్ను, బతాకా ఫోటో తెచ్చుకోండి. డ్యూటీలో ఉండి రాలేనివాళ్లు గ్రూపులో మెసేజ్ పెడితే రూమ్‌కే వచ్చి కూర్చుంటాం. ఈ పాఠాన్ని మీ రూమ్ గ్రూపుల్లోకి, ఊళ్లో ఇంటివాళ్లకు పంపండి.)_